చెప్పిన మాటల కథలు తప్పని తేలితే...

ఒక హైస్కూలు ఇంగ్లీషు టీచరు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. పాఠం మొదలుపెట్టే ముందు రోజూ ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, అది ఎక్కడ పుట్టిందో, ఎలా మారిందో రెండు నిమిషాలు చెప్పడం ఆమెకు చాలాకాలంగా అలవాటు. పిల్లలకు పాఠం కన్నా ఆ రెండు నిమిషాలే ఇష్టం. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, భాషాశాస్త్రం చదువుతున్న వాళ్లక్క రాసిచ్చిన కాగితం చదివింది. 'న్యూస్' నాలుగు దిక్కుల పేర్ల తొలి అక్షరాలతో వచ్చింది కాదు, 'సిన్సియర్'కీ మైనానికీ సంబంధం లేదు, 'టిప్', 'పోష్' పొడి అక్షరాల మాటలు కావు, రోమన్ సైనికులకు జీతం బదులు ఉప్పు ఇచ్చారనడానికి ఆధారం లేదు. ఇవీ అందులోని సంగతులు. టీచరుకు ఏమనాలో తోచక "చాలా పుస్తకాల్లో అలాగే ఉందమ్మా, కూర్చో" అనేశారు. ఆ రోజు నుంచి మాటల కథలు ఆపేశారు.

దీనికి తోడు ఇంకో చిక్కు. ఒక అబ్బాయి వ్యాసంలో, స్నేహితుణ్ణి 'నైస్' అనకూడదు, దాని అసలు అర్థం తెలివితక్కువవాడు అని రాశాడు. అది ఆమె చెప్పిన కథే. ఈలోగా హెడ్‌మాస్టరు ఆ కథలన్నీ ముప్పై మాటలతో ఒక చిన్న పుస్తకంగా చేసి వచ్చే నెలకల్లా ఇమ్మన్నారు. "కథ బాగుంటే చాలు, ఎవడు చూడొచ్చాడు?" అంటారట ఆమె భర్త. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవాలా, ఊరుకోవాలా? పుస్తకం రాయాలా, వద్దనాలా? రాస్తే ఏది నిజమో తేల్చుకునేదెలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. ఆ కాగితంలో రాసిన అయిదూ సరైనవే, వాటితో వాదన పెట్టుకోకండి. అయితే మీరు చెప్పిన అయిదు కథలూ ఒకే రకం తప్పులు కావు. ఆ తేడా తెలిస్తే మీ మూడు ప్రశ్నల్లో రెండు సగం తేలిపోతాయి.

'న్యూస్' మరీ సులువు. కొత్త అనే అర్థమున్న 'న్యూ' మాటకు బహువచనం అది, అంటే కొత్త సంగతులు. ఫ్రెంచిలో ఇదే అర్థంలో ఉన్న 'నూవెల్' పోలికతో మధ్యయుగపు ఇంగ్లీషులో తయారైంది. 'టిప్' 17వ శతాబ్దపు దొంగల పరిభాషలో 'ఇటివ్వు, అందించు' అనే క్రియ. హోటల్ బల్లల మీద డబ్బాలూ, వాటి మీద త్వరగా వడ్డించమనే మాటల తొలి అక్షరాలూ తర్వాత ఎవరో అల్లినవి. దర్జా అయిన అనే అర్థమున్న 'పోష్' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. వెళ్లేటప్పుడు ఓడలో ఎడమవైపు గది, వచ్చేటప్పుడు కుడివైపు గది అని సూచించే ఆ నాలుగక్షరాలు అచ్చయిన టికెట్టు ఒక్కటంటే ఒక్కటి కూడా దొరకలేదు. ఈ మూడూ పూర్తిగా కల్పితాలు.

'సిన్సియర్' కథ వేరే దారిన వచ్చింది. లాటిన్‌లో 'సిన్కెరుస్' అంటే శుద్ధమైనది, కల్తీ లేనిది. 'సినే కేరా' అంటే మైనం లేకుండా. రెండూ చెవికి దగ్గరగా వినబడతాయి కాబట్టి, విగ్రహాల పగుళ్లను మైనంతో పూడ్చి అమ్మే మోసగాళ్లు, మైనం వాడని నిజాయితీపరులు అంటూ కథ పుట్టింది. అర్థం కూడా అతికినట్టు సరిపోయేసరికి ఎవరికీ అనుమానం రాలేదు. మాటల కథల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి ఇలా అతికినట్టు సరిపోయేవే.

'శాలరీ' మాత్రం సగం నిజం, అందుకే దాని దగ్గర కాస్త ఆగాలి. లాటిన్‌లో 'సాల్' అంటే ఉప్పు. 'సలారియుం' ఆ మాట నుంచే వచ్చింది, ఇందులో అనుమానం లేదు. జీతం, భత్యం అనే అర్థంలో రోమన్లు దాన్ని వాడారు, అదీ నిజమే. జీతాల పేరుకూ ఉప్పుకూ ఉన్న ఈ బంధుత్వాన్ని 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో ప్రస్తావించాడు. ఆ మాట మధ్యయుగంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. ఇంతవరకూ గట్టి నేల. ఉప్పుకూ జీతానికీ మధ్య ముడి ఏమిటన్న దగ్గరే నేల జారుతుంది. ఉప్పు కొనుక్కోవడానికి ఇచ్చిన డబ్బు అని కొందరు ఊహించారు, అది ఊహే. సైనికుల దోసిట్లో ఉప్పు కొలిచి పోశారని చెప్పే ప్రాచీన రచన ఏదీ లేదు, సైనికులకు జీతం నాణేల్లోనే ముట్టేది. అంటే మీరు చెప్పిన కథలో మాట మూలం సరైనదే, దానికి తగిలించిన దృశ్యమే కల్పితం.

కాబట్టి మీ దగ్గరున్న కథలన్నిటినీ మూడు కుప్పలుగా విడదీయండి: ఆధారం ఉన్నవి, పండితులు ఊహించినవి, జనం అల్లినవి. ఒక్కోసారి, 'శాలరీ'లో లాగా, ఒకే కథను మూడు ముక్కలు చేయాల్సి వస్తుంది.

ఇక క్లాసు సంగతి. ఏమీ అనకుండా పాఠాలు చెప్పుకుపోవడం ఒక దారి. గొడవ సద్దుమణుగుతుంది, నిజమే. కానీ కాగితం చదివిన అమ్మాయికి మిగిలేది 'కూర్చో' అన్న మాటే. ఆధారం చూపించినా కూర్చోబెడతారని తక్కిన పిల్లలకూ అర్థమైపోతుంది. మాటల కథలు మీరు ఎందుకు ఆపేశారో కూడా వాళ్లకు తెలుసు, తొమ్మిదో తరగతి పిల్లలు అంత అమాయకులు కారు.

ఆ అమ్మాయిని ఒక్కదాన్నీ పిలిచి, మీ అక్క చెప్పింది నిజమేనమ్మా అనడం రెండో దారి. మీ పరువుకు ఢోకా ఉండదు, ఆ పిల్లకూ ఊరట. అయితే తక్కిన క్లాసంతా ఆ అయిదు కథలనూ బుర్రలో అలాగే మోసుకుపోతుంది. పైగా అందరి ముందూ మూయించిన నోటికి గదిలో ఒంటరిగా చెప్పిన మాట సరితూగదు.

మూడోది, క్లాసులోనే చెప్పడం. మొదట ఒకరిద్దరు నవ్వుతారు. 'మరి మిగతా కథలు?' అని ఒకడైనా అడుగుతాడు, దానికి సిద్ధంగా వెళ్లాలి. నేనైతే దీనికే ఓటు వేస్తాను, రెండో దారిని దీనికి ముందు మెట్టుగా వాడుకోండి. ముందురోజు ఆ అమ్మాయితో ఒక్క నిమిషం మాట్లాడి, రేపు క్లాసులో ఈ సంగతి ఎత్తుతానని చెప్పండి. అప్పుడు అందరూ తన వైపు తిరిగి చూసినా కంగారు పడదు. క్లాసులో పెద్ద ఉపోద్ఘాతం వద్దు. "ఆ రోజు పుస్తకాల్లో ఉందన్నాను. మళ్లీ చూశాను. ఆ పుస్తకాల్లో ఉన్నదే తప్పు, కాగితంలో ఉన్నది ఒప్పు" అంటే సరిపోతుంది. క్షమాపణను సాగదీస్తే పిల్లలకు ఇబ్బందిగా ఉంటుంది, అసలు విషయం పక్కకు పోతుంది. వెంటనే బోర్డు మీద 'శాలరీ' రాసి, పైన చెప్పినట్టు మూడు ముక్కలు చేసి చూపించండి. మిగతా కథల గురించి అడిగితే "వాటినీ ఒక్కొక్కటిగా చూస్తున్నాను, తేలినవి తేలినట్టు చెబుతాను" అనండి. ఆ మాట అన్నాక మాత్రం నిలబెట్టుకోవాలి, లేకపోతే మొదటి దారే మేలు.

'నైస్' అబ్బాయి విషయం వేరు. మీరు చెప్పింది తప్పు కాదు, సగంలో ఆగింది. లాటిన్ 'నెస్కియుస్' అంటే తెలియనివాడు. అది పాత ఫ్రెంచిలో 'నీస్' అయి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకు వచ్చినప్పుడు తెలివితక్కువ అనే అర్థంతోనే వచ్చింది. తర్వాత అతి సుకుమారమైన, ప్రతిదానికీ వంకలు పెట్టే అనే అర్థాలు వచ్చాయి. వంకలు పెట్టేవాడు సూక్ష్మంగా చూస్తాడు కనుక సూక్ష్మమైన, కచ్చితమైన అన్నది తర్వాతి మెట్టు. 18వ శతాబ్దానికి హాయైన, మంచి అనే నేటి అర్థానికి చేరింది. 'సిల్లీ' ఇందుకు సరిగ్గా ఎదురు దిక్కున నడిచింది: పాత ఇంగ్లీషులో ధన్యమైన, తర్వాత అమాయకమైన, ఆపైన జాలిపడదగిన, చివరికి తెలివితక్కువ. ఈ రెంటినీ పక్కపక్కన చెబితే, మాట మొదటి అర్థమే అసలు అర్థమన్న భ్రమ దానంతటదే పోతుంది.

పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన 'వ్యవసాయం' ఉంది. సంస్కృతంలో దానికి ప్రయత్నం, పట్టుదల అనే అర్థాలు. హిందీలో వ్యాపారం. మనకు సేద్యం. పొలం దున్నేవాణ్ణి పట్టుకుని 'నువ్వు చేసేది వ్యవసాయం కాదు, దాని అసలు అర్థం వేరు' అంటే ఎలా ఉంటుందో, 'నైస్' మీద ఆ అబ్బాయి పెట్టిన అభ్యంతరమూ అలాగే ఉంటుంది. పది మందిలో ఒకణ్ణి చంపే రోమన్ శిక్ష పేరు కాబట్టి 'డెసిమేట్'ను పదో వంతు నష్టానికే వాడాలని వాదించే పెద్దవాళ్లూ ఉన్నారు, అబ్బాయి ఒంటరివాడేం కాదు. అతని మార్కులు కోయకండి, ఆ తర్కం మీ పాఠం నుంచే వచ్చింది. అలాగని పూర్తి మార్కులు వేసి ఊరుకుంటే పరీక్షలోనూ అదే రాసి, పరిచయం లేని ఎగ్జామినరు చేతిలో దెబ్బతింటాడు. మార్జిన్‌లో పై మెట్లన్నీ రాసివ్వండి.

ఇక పుస్తకం. ముందు తేల్చుకునే పద్ధతి చెబుతాను, రాయాలా వద్దా అన్నది దాన్నిబట్టి మీకే తెలుస్తుంది.

మొదటి వడపోత అన్నిటికన్నా తేలిక. పాత మాట ఏదైనా తొలి అక్షరాల కలయిక అని కథ చెబితే, అబద్ధమనే అనుకోండి. అలా మాటలు తయారుచేయడం 20వ శతాబ్దంలో, ముఖ్యంగా యుద్ధాల కాలం నుంచి పెరిగిన అలవాటు. 'రాడార్', 'లేజర్' నిజంగా అలా పుట్టినవే. 'గోల్ఫ్'ను 1457లోనే స్కాట్లండ్ పార్లమెంటు నిషేధించింది, కనుక ఆడవాళ్లకు ప్రవేశం లేదనే నాలుగు ఇంగ్లీషు మాటల నుంచి అది వచ్చిందన్న కథ చెల్లదు. 'ఎస్ఓఎస్' అయితే మోర్స్ కోడ్‌లో తేలిగ్గా పట్టుబడే గుర్తు, మన ప్రాణాలు కాపాడండనే విస్తరణ తర్వాత తగిలించింది. ఈ వడపోతకు దొరక్కుండా జారిపోయే పేరున్న మాట ఒకటుంది, 'ఓకే'. 'ఆల్ కరెక్ట్'ను సరదాకు తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ తొలి అక్షరాలు తీసుకున్నారు. 1839 మార్చి 23న బోస్టన్ పత్రికలో అచ్చయింది. ఆ సంగతిని ఆలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు 1960లలో పాత పత్రికలు తిరగేసి నిరూపించాడు. మినహాయింపంటే అలా తేదీతో, పత్రికతో రావాలి.

రెండోది తేదీ. కథలో సంఘటన ఎప్పుడు జరిగింది, మాట అచ్చులోనో రాతలోనో ఎప్పుడు కనబడింది? 'క్విజ్' చూడండి. డబ్లిన్‌లో ఒక నాటకశాల యజమాని, ఒక్క రాత్రిలో కొత్త మాటను ఊరంతటికీ ఎక్కిస్తానని పందెం కాసి, గోడల మీద రాయించాడని కథ. అది 1791లో జరిగిందంటారు. కానీ వింత మనిషి అనే అర్థంలో ఆ మాట 1782లోనే ఇంగ్లీషు రచయిత్రి ఫానీ బర్నీ డైరీలో ఉంది. పందెం కథ అక్కడితో సరి.

మూడోది దారి. లాటిన్ నుంచి వచ్చిన చాలా మాటలకు మధ్యలో ఫ్రెంచి రూపమో, పాత ఇంగ్లీషు రూపమో కనిపిస్తుంది; పండితులు నేరుగా తెచ్చుకున్నవీ ఉన్నాయి, ఆ సంగతి నిఘంటువు చెబుతుంది. మజిలీలేవీ లేకుండా ఒక్క గంతులో ఇంగ్లీషులోకి దూకే కథను నిఘంటువులో సరిచూడకుండా నమ్మకండి.

ఇవన్నీ ఎక్కడ చూడాలంటే, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు డిక్షనరీ అన్నిటికీ పెద్దది. తొలి భాగం 1884లో, చివరిది 1928లో వచ్చాయి, ఇప్పటికీ సవరిస్తూనే ఉన్నారు. పూర్తిగా చూడాలంటే చందా కావాలి, పెద్ద లైబ్రరీల ద్వారా వీలవుతుంది. ఉచితంగా కావాలంటే మెరియం-వెబ్‌స్టర్ వెబ్‌సైటూ, ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ ఉన్నాయి. ఏ మాటకైనా కనీసం రెండు చోట్ల చూడండి. 'బహుశా', 'కావచ్చు', 'మూలం తెలియదు' అన్న మాటలు నిఘంటువులో ఉంటే, మీ పుస్తకంలోనూ ఉండాలి. జనం కథలు పుట్టేది సరిగ్గా ఆ మాటలను ఎగరగొట్టినప్పుడే. 'తొలి వాడుక' అని ఇచ్చే సంవత్సరం ఇప్పటిదాకా దొరికినవాటిలో పాతది మాత్రమే, రేపు ఇంకా పాతది దొరకవచ్చు. గూగుల్ బుక్స్‌లో మీరే వెతికితే ఒక ఉచ్చు ఉంది: పత్రికల సంపుటాలకు ఒక్కోసారి మొదటి సంచిక సంవత్సరాన్నే అన్నిటికీ తగిలిస్తారు. ముఖపత్రం బొమ్మ తెరిచి, దాని మీద అచ్చయిన సంవత్సరాన్నే నమ్మండి.

నిఘంటువులూ తప్పులు చేస్తాయి. 1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద డిక్షనరీలో 'డోర్డ్' అనే మాట సాంద్రత అనే అర్థంతో అచ్చయింది. అలాంటి మాటే లేదు. పెద్ద 'డి' గానీ చిన్న 'డి' గానీ సాంద్రతకు గుర్తు అని రాసిన చీటీని ఒకే మాటగా చదివారు. 1939లో ఒక సంపాదకుడికి అనుమానం ఎలా వచ్చిందో తెలుసా? ఆ మాట కింద వ్యుత్పత్తి ఇవ్వలేదు, అందుకని.

పుస్తకం వద్దంటే, ఆ పని ఇంకెవరికో పోతుంది, ఆ అయిదు కథలూ ఆ పుస్తకంలోకి ఎక్కే అవకాశమే ఎక్కువ. ముప్పై మాటలూ నెలలో ముగిస్తానంటే, ఒక్కో మాటకు రెండు నిఘంటువులు చూసి, తేదీలు సరిపోల్చి, రాసేసరికి గంటపైన పడుతుంది. బడి పనితో కలిపి అది కష్టం. చివరి పది మాటలు హడావుడిలో పోతాయి, తప్పులు సరిగ్గా అక్కడే దొర్లుతాయి. హెడ్‌మాస్టరుతో పదిహేనుకు ఒప్పందం చేసుకోండి. ముప్పై కావాల్సిందేనంటే గడువు పెంచమనండి. రెండూ కాదంటే, ఇరవై నిజమైన మాటలు, పది 'జనం అల్లిన కథలు' అని విడి అధ్యాయం పెట్టండి. ఆ పదీ మీకిప్పటికే తెలుసు, సరిచూసే పని చాలావరకు అయిపోయింది, పిల్లలు ముందు చదివేదీ ఆ అధ్యాయమే.

నిజమైన వాటిలో సరుకుకు కొదవ లేదు. 'క్లూ' అంటే ఒకప్పుడు నూలుండ. గ్రీకు కథలో థీసియస్ చిక్కుదారుల్లోంచి బయటపడింది దారం పట్టుకునే. 'మజిల్' లాటిన్‌లో చిట్టెలుక. 'క్వారంటైన్' వెనిస్ వాళ్ల నలభై రోజులు, అంతకుముందు 1377లో రగూసా (ఇప్పటి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్) రేవులో అది ముప్పై రోజులే. 'రోబోట్' 1920 నాటి కారెల్ చాపెక్ నాటకంలోది, చెక్ భాషలో వెట్టిచాకిరీ నుంచి వచ్చింది. మాట సూచించింది అతని అన్న యోసెఫ్. 'బాండికూట్' అయితే మన పందికొక్కే. ఇంగ్లీషులో చేరి, అటు నుంచి దానితో ఏ చుట్టరికమూ లేని ఆస్ట్రేలియా జంతువుకు కూడా అంటుకుంది.

క్లాసులో నోటితో చేయించదగ్గది 'ఏప్రన్'. అసలు రూపం 'నేప్రన్'. 'ఎ నేప్రన్' అని పిల్లల చేత గబగబా పదిసార్లు అనిపించండి, ఎక్కడో ఒకచోట 'ఎన్ ఏప్రన్' అయిపోతుంది. జరిగిందీ అదే. 'నిక్‌నేమ్'లో ఇది తిరగబడింది: అదనపు పేరు అనే అర్థమున్న 'ఎన్ ఈక్‌నేమ్'లోని 'న' కారం అవతలి మాటకు అతుక్కుంది.

చెవికి తోచిన పోలికను పట్టుకుని మాటను సరిదిద్దే అలవాటు నిజమైన మాటలనూ మార్చిందని ఒక పేజీలో చెప్పండి. 'ఫిమేల్' 'మేల్' నుంచి పుట్టలేదు. ఫ్రెంచి 'ఫెమెల్'ను ఇంగ్లీషువాళ్లు 'మేల్' పక్కన కూర్చోబెట్టి అలా మలిచారు. 'ఐలండ్'లో పలకని 'ఎస్' కూడా లాటిన్ బంధువు అనుకుని దూర్చిందే. ఆ అక్షరం ఎందుకుందో తెలిసిన పిల్లవాడు స్పెల్లింగు మరిచిపోడు.

ధాతువులతో కొత్త మాటల అర్థం ఊహించే అభ్యాసం పెడితే మాత్రం జాగ్రత్త. 'పెడెస్ట్రియన్'లో 'పెడ్' లాటిన్ పాదం, 'పీడియాట్రిక్స్'లోది గ్రీకు బిడ్డ. 'అవుట్‌రేజ్'లో 'అవుట్' లేదు, 'రేజ్' లేదు. ఫ్రెంచిలో 'ఊత్ర్', అంటే మితిమీరి, దానికి ఒక ప్రత్యయం చేరింది. ఊహించమనండి, ఊహించాక నిఘంటువు తెరవమనండి.

మీవారి మాటకు వస్తే, ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు మొన్నే వచ్చింది, తొమ్మిదో తరగతి అమ్మాయి చూసింది. చిత్తుప్రతి సిద్ధమయ్యాక వాళ్లక్కకే పంపి చదవమనండి. వారం గడువివ్వండి, ఒప్పుకుంటే ముందుమాటలో పేరు వేయండి. ఆమె అభ్యంతరం చెప్పినచోట రెండు నిఘంటువులూ మీ వైపే ఉంటే మార్చకండి, ఆధారం చూపించమని అడగండి. అచ్చుకు ఇచ్చేటప్పుడు చివర ఒక ఖాళీ పేజీ వదలమని చెప్పండి, తర్వాత బయటపడే సవరణలు పిల్లలే అందులో రాసుకుంటారు.